భాషా సందేహాలు: ‘సార్, నాకు పిలిచారా?’

ప్రశ్న: మాది విజయవాడ వన్‌టౌన్‌లో చీరల షాపు. రాజస్థాన్ కుర్రాడొకడు నాలుగేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్నాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు. కానీ ‘సార్, నాకు పిలిచారా?’, ‘నిన్న గుళ్లో మీకు చూశాను’ అంటాడు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. హిందీ ‘కో’, మన ‘కు’ ఒకటేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అతన్ని ఏమీ అనకండి. హిందీ లెక్కలో అతను కరెక్టే. అక్కడ ‘బచ్చే కో బులావో’ అన్నా, ‘బచ్చే కో దో’ అన్నా అదే ‘కో’. మనమేమో ‘పిల్లాణ్ని పిలవండి’, ‘పిల్లాడికి ఇవ్వండి’ అని రెండు రకాలుగా అంటాం. ‘మేడమ్‌కి చూపించు’ అనే మాట మీ షాపులో రోజుకి వందసార్లు వినపడుతుంది కదా, ‘కో’ అంటే ‘కి’ అని మొదటి వారంలోనే పట్టేసి ఉంటాడు. ఇక ‘కో’ వచ్చిన ప్రతిచోటా అదే పెట్టేస్తున్నాడు.

మనం మాత్రం తక్కువ తిన్నామా! మా బావమరిదికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఉత్తరాది పార్టీ వస్తే ‘గోడౌన్ కో జాయేంగే, తీన్ బజే కో ఆవో’ అంటాడు. ‘గోడౌన్‌కి’, ‘మూడింటికి’ అన్నమాట. హిందీవాళ్లకి మామూలుగా ‘గోడౌన్ జాయేంగే’, ‘తీన్ బజే’ చాలు. అలాగని వాళ్లు ‘సోమ్‌వార్ కో’ అన్నారని మనం ‘సోమవారానికి’ అన్నామా, చిక్కే. వాళ్లది సోమవారం నాడు. మన టైలరు ‘సోమవారానికి ఇస్తా’ అంటే ఆ లోపు అని (ఇస్తాడా లేదా అన్నది వేరే సంగతి).

‘నాకు తెలుసు’ దగ్గర పేచీ లేదు. హిందీ ‘ముఝ్‌కో మాలూమ్ హై’, తమిళం ‘ఎనక్కు తెరియుం’, కన్నడం ‘ననగె గొత్తు’, అన్నీ ఒకే దారి. పిల్లల లెక్క చెప్పేటప్పుడు మళ్లీ తేడా. ‘నాకు ఇద్దరు పిల్లలు’ అని మనమంటే హిందీలో ‘మేరే దో బచ్చే హైఁ’, అంటే ‘నా’. సంస్కృతంలోనూ ‘రామస్య ద్వౌ పుత్రౌ’, అంటే ‘రాముడి’ అనే షష్ఠీ విభక్తే. చిన్నప్పుడు బడిలో ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి’ అని వల్లె వేసేవాళ్లం. ఇవ్వడానికి వాడే ‘కి’ని చతుర్థిలో పెట్టకుండా షష్ఠిలో ఎందుకు పెట్టారో మాస్టారిని ఒకసారి అడిగాను. తొడపాశం పెట్టారు. ‘రాముడికి ఇద్దరు కొడుకులు’ లాంటి వాక్యాలు చూసే పెట్టి ఉంటారని ఇప్పటికి నా ఊహ.

ఇక ‘ఒకటేనా’ అన్నారు. వినడానికి చుట్టాల్లాగే ఉంటాయి. ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్‌కి కూడా 1856లోనే ఆ అనుమానం వచ్చింది. తర్వాత పండితులు చాలామంది ‘కో’ సంస్కృత ‘కక్ష’ నుంచి, అంటే పక్క, చంక అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందన్నారు. నేను వీళ్ల వైపే. మన ‘కు’కి అసలు చుట్టాలు తమిళ ‘క్కు’, కన్నడ ‘గె’.

చుట్టరికం లేకపోయినా ఇరుగుపొరుగు సావాసం ఊరికే పోదు. హైదరాబాదు దక్కనీలో, అంటే అక్కడి ఉర్దూ యాసలో, ‘ఘర్ కు’ వెళ్తున్నా అంటారు, అచ్చం మన ‘ఇంటికి’ లాగే. కాబట్టి మా బావమరిది హిందీ మరీ దిక్కులేనిదేం కాదు. అదే దక్కనీలో ‘కైకు?’ అంటారు చూశారూ, దాన్ని విడగొడితే మన ‘ఎందు-కు’లో ఉన్నదే అక్కడా ఉంది.

మీ కుర్రాడికి సూత్రాలు చెప్పకండి, క్రియలు జతగా చెప్పండి. పిలవడం, చూడటం, తిట్టడం అయితే ‘ని’. ఇవ్వడం, చెప్పడం, చూపించడం అయితే ‘కి’. ‘అడగడం’ మాత్రం విడిగా చెప్పాలి. మనకది ‘సార్‌ని అడుగు’, హిందీలో ‘సార్ సే పూఛో’ కదా, ఆ ‘సే’ని ‘తో’ అనుకుంటాడు. రేపు ఒకసారి చెవి పెట్టి వినండి, ‘సార్‌తో అడుగుతా’ అంటూ ఉంటాడు.