చెయ్యి పట్టుకుంటే స్పృహ ఉన్నట్టేనా?

ప్రశ్న: తలకు దెబ్బతగిలి మా మామ కర్నూలు పెద్దాసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. జీసీఎస్ (స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు) 7 అన్నారు. కానీ చెయ్యిస్తే గట్టిగా పట్టుకుంటున్నాడు. స్పృహ ఉన్నట్టేనా?

పట్టుకోవడం ఒక్కటే చాలదండీ. మెదడు దెబ్బతిన్నప్పుడు అరచేతికి ఏది తగిలినా వేళ్లు వాటంతట అవే బిగుసుకోవచ్చు. "వదులు మామా" అనండి. చెప్పినప్పుడల్లా వదిలితే మాట విన్నట్టు. రెండు వేళ్లు చూపించమనడం ఇంకా నయం. ఇంట్లో ఉర్దూ అయితే ఉర్దూలోనే అడగాలి. కర్నూలులో ఇది మరిచిపోకూడని సంగతి.

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే డాక్టర్లు తయారుచేసిన ఈ జీసీఎస్ స్కేలులో కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6 వరకు వేస్తారు. మాట విని చేస్తే కదలికకే 6. మిగతా రెండింటికీ కనీసం ఒక్కొక్కటి, వెరసి 8. అంటే 7 వేసినప్పుడు డాక్టర్లకు ఆ స్పందన కనిపించలేదన్నమాట. మీకు కనిపిస్తే వెంటనే చెప్పండి.

గొంతులో ట్యూబు ఉంటే మాటను పరీక్షించలేరు, అప్పుడు మొత్తం అంకె పక్కదారి పట్టిస్తుంది. మూడూ విడివిడిగా అడగండి. మత్తుమందు ఎప్పుడిచ్చారో కూడా కనుక్కోండి, ఆ ప్రభావంలో వేసిన స్కోరును పెద్దగా నమ్మలేం.

వారాలు గడిచినా తెలివి రాకపోతే సీఆర్‌ఎస్-ఆర్ అనే వివరమైన పరీక్ష వేర్వేరు రోజుల్లో పలుమార్లు చేయించాలి. ముఖం ముందు అద్దం కదిపి చూపు వెంబడిస్తుందా అని కూడా చూస్తారందులో.