మాస్టారి జవాబులు: గోడ మీద రాసేముందు మీటింగులో అడగండి

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. ఊళ్లో సర్కారు ప్రాథమిక బడి యాజమాన్య కమిటీకి నన్ను అధ్యక్షురాలిని చేశారు. నేను చదివింది ఎనిమిదో తరగతే. బడి గోడ మీద విజన్, మిషన్ రాయించాలట, వారంలో రాసిమ్మన్నారు. పక్క ఊరి బడి మీద ‘సర్వతోముఖాభివృద్ధి, విలువలతో కూడిన విద్య, రేపటి పౌరులు’ అని ఉంది. అదే దించేస్తే సరిపోతుందా? సాయంత్రాలు రామమందిరం అరుగు మీద మా మహిళా సంఘం వాళ్లం పిల్లల్ని చదివిస్తాం. దానికీ ఇదే రాసుకోవచ్చా?

జవాబు: అమ్మా, పక్క ఊరి రాతలో తప్పేం లేదు. కాకపోతే ఆ మూడు ముక్కలూ పర్లాకిమిడి కాలేజీ మీద రాసినా నప్పుతాయి, బరంపురంలో కుట్టు శిక్షణ కేంద్రం మీద రాసినా నప్పుతాయి. మీ బడి సంగతి అందులో ఎక్కడుంది?

మీ బడి దాటిన పిల్ల ఎలా ఉండాలనుకుంటున్నారో అది విజన్. అందుకోసం ఎవరు ఏం చేస్తారో అది మిషన్. ఇంతకు మించి తల బద్దలు కొట్టుకోకండి.

మీటింగులో గోడ మాట, పెయింటు మాట ఎత్తొద్దు. ఒక్కటే అడగండి: “మీ పిల్ల అయిదో తరగతి అయ్యేసరికి ఏం చెయ్యగలగాలి?” అందరూ “బాగా చదువుకోవాలండీ” అంటారు. వదలకండి. “బాగా అంటే?” అని మళ్లీ అడగండి. నేనొక పల్లెలో ఇలాగే అడిగితే ఒకాయన, “రేషన్ కార్డులో మా ఇంటి పేరు ఒరియాలో సరిగ్గా కొట్టారో లేదో చూసి చెప్పాలి” అన్నాడు. ఇంకొకావిడ, “పాతపట్నం వెళ్తే బస్సు బోర్డు చదవాలి, అది తెలుగులో ఉంటది కదా” అంది. కూలి డబ్బు లెక్క కట్టాలన్నారు కొందరు. చివర్లో గుమ్మం దగ్గర కూర్చున్న సవర తల్లి ఒకామె, ఎవరూ అడక్కుండానే, “మా పిల్ల క్లాసులో నోరు తెరవాలి” అంది. ఇంట్లో సవర, వీధిలో తెలుగు, బడిలో ఒరియా. ఆ పిల్ల రోజూ వస్తుంది, హాజరు నిండుగా ఉంటుంది, నోట మాట మాత్రం ఉండదు. నన్నడిగితే మీ విజన్ అలాంటి పిల్ల దగ్గర మొదలవ్వాలి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూనే సవర నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే వాచకాలు రాశారు. మనకి అంత ఓపిక లేకపోయినా, ఆ పిల్లని ఇంటి మాటలో జవాబు చెప్పనివ్వొచ్చు కదా.

నా మటుకు నేనైతే ఇలా రాస్తాను: ‘మా బడి దాటే ప్రతి పిల్లా ఒరియా తడబడకుండా చదువుతుంది, సంత లెక్క తనే కడుతుంది, ఏ ఇంటి భాష పిల్లయినా క్లాసులో భయం లేకుండా మాట్లాడుతుంది.’ మీరు దీన్ని దించెయ్యకండి, మీ వాళ్లు చెప్పిన మాటలు పెట్టండి. రాసింది జరిగిందో లేదో చూస్తే తెలిసేలా మాత్రం ఉండాలి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ చూడండి, 2026–27 కల్లా మూడో తరగతి ముగించే ప్రతి పిల్లకీ అర్థం చేసుకుని చదవడం, చిన్న లెక్కలు చెయ్యడం రావాలన్నారు. తరగతి ఉంది, గడువు ఉంది. పిల్లని కూర్చోబెట్టి ఒక పేజీ చదివిస్తే సంగతి తేలిపోతుంది.

తెలుగు సంగతి. బడిలో తెలుగు చెప్పే టీచరు లేకపోతే ఆ మాట బడి గోడ మీద రాయకండి, అది అరుగుకి రాసుకోండి. ‘మా ఊరి పిల్లలు అమ్మమ్మ చదివే క్యాలెండరు తామూ చదవాలి’ అన్నా చాలు. ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే ఏర్పాటుకి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటోంది కాబట్టి, తెలుగు టీచరు కావాలని అర్జీ పెట్టుకోండి. అర్జీ వేరు, విజన్ వేరు.

మిషన్‌లో పేర్లు, వారాలు పడాలి. నాట్ల రోజుల్లో పిల్ల రెండు రోజులు రాకపోతే ఇంటికెళ్లేది ఎవరు? శనివారం కథ చెప్పే తల్లి ఎవరు? పేరు దొరకని వాక్యం కొట్టేయండి.

ఇక ఎనిమిదో తరగతని జంకకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో మూడొంతుల మంది, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అదే చట్టం 22వ సెక్షన్ కింద పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాల్సింది ఆ కమిటీయే. మీ విజన్, మిషన్ ముందు తీర్మానాల పుస్తకంలో, ఆ ప్రణాళిక మొదటి పేజీలో ఎక్కించండి. గోడకి తర్వాతైనా రంగు వెయ్యొచ్చు. వారం చాలదని రాసి ఇవ్వండి, కొంపలేం మునగవు.

ప్రశ్న: గుణుపురంలో కుర్రాళ్లం కలిసి గ్రంథాలయం పెట్టి సొసైటీ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నాం. విజన్ ఎన్ని లైన్లుండాలి మాస్టారూ?

జవాబు: 1860 నాటి సొసైటీల చట్టం విజన్ అడగదు బాబూ, మెమొరాండంలో ఉద్దేశాలు అడుగుతుంది. సంతకాలకి కనీసం ఏడుగురు కావాలి. ఉద్దేశాలు తర్వాత మార్చాలంటే ప్రత్యేక సమావేశంలో అయిదింట మూడు వంతుల ఓట్లు పడాలి, నెల ఆగి రెండో సమావేశంలో మళ్లీ అంతే పడాలి. అందుకని ఉద్దేశాలు కాస్త వెడల్పుగా రాయండి, ‘గ్రంథాలయం’ ఒక్కటే రాస్తే రేపు ట్యూషన్లు పెట్టాలన్నా పేచీయే. దాతలకిచ్చే కాగితంలో మాత్రం బిగించి రాయండి: ఏ భాషల పుస్తకాలు, ఏ వేళల్లో తీస్తారు, తాళంచెవి ఎవరి దగ్గర, ఆ మనిషి ఊరెళ్తే ఎవరికిస్తాడు.