కర్నూలులో సంఘం పెట్టే ముందు

నాయనా,

ప్రభువు పేరిట నీకూ కోడలమ్మాయికీ వందనాలు. నీ ఉత్తరం నెమ్మదిగా చదివాను. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర హాలు చూశావని, ప్రారంభ కూటానికి పెద్ద ప్రసంగీకుణ్ణి పిలవబోతున్నావని, ప్రార్థన చేయమని రాశావు. రోజూ చేస్తున్నాను. ఆ హాలుకు అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దు.

నేను పాస్టరును కాను. సంఘ పెద్దగా, ట్రెజరరుగా లెక్కలు రాసినవాణ్ణి. ముందే హాలు తీసుకున్నవాళ్ల పరిస్థితి దగ్గరగా చూశాను. నెల తిరిగేసరికి అద్దె, కరెంటు బిల్లు, కీబోర్డు వాయించే కుర్రాడికి చార్జీలు. కుర్చీలు ఖాళీగా కనిపిస్తే టెన్షన్. ఆ టెన్షన్‌లో పక్క సంఘం విశ్వాసుల ఇళ్లకు ప్రార్థనకని వెళ్లడం మొదలవుతుంది. కానుక ఎక్కువ ఇచ్చే ఇంటికి ఎక్కువసార్లు వెళ్లడం మొదలవుతుంది. సేవ చేయాలన్న మంచి భారం ఉన్న కుర్రాళ్లు అలా మారిపోతుంటే చాలా బాధపడ్డాను. సంఘమంటే మనుషుల పూచీ తీసుకోవడం. ఒక కుటుంబం నిన్ను ‘మా అయ్యగారు’ అన్న రోజు నుంచి వాళ్లింట్లో రోగం, పెళ్లి, చావు అన్నిటికీ నువ్వు పూచీ. ఎంతమంది పూచీ తీసుకోగలవో చూసుకుని, ఆ తర్వాత హాలు వెతుకు.

నువ్వు వెళ్లేది సువార్త తెలియని చోటికి కాదు. లండన్ మిషన్ వాళ్లు 1822లోనే కడపకు వచ్చారు. గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం వైపు వాళ్లే పనిచేశారు. నంద్యాలలో ఆంగ్లికన్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు. కోల్స్ మెమోరియల్ స్కూలు బాప్టిస్టులదే. ఒకరు పనిచేసే తాలూకాలోకి ఇంకొకరు చొరబడకూడదని ఆ మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకునేవి. ఇప్పుడు అలాంటి హద్దులు లేవు, ఒకే వీధిలో మూడు సంఘాలుంటాయి. మరొకరు వేసిన పునాది మీద కట్టకూడదని పౌలు రోమా పత్రిక 15వ అధ్యాయంలో రాసిన మాట నాకు ఇక్కడే గుర్తొస్తుంది. అందుకని మొదట చేయాల్సిన పని, ఆ చుట్టుపక్కల పాస్టర్లను ఒక్కొక్కరిని ఇంటికి వెళ్లి కలవడం. మీ విశ్వాసులు మా దగ్గరికి వస్తే మీకు ఫోన్ చేయకుండా చేర్చుకోనని నీ నోటితో నువ్వే చెప్పు. ఆ మాట నిలబెట్టుకుంటే కష్టకాలంలో వాళ్లే నీ పక్కన నిలబడతారు.

ఊరు ఎటు పెరుగుతోందో నీకు తెలుసు. కల్లూరు దాటి, జగన్నాథగట్టు దగ్గర ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ల దాకా, ఓర్వకల్లు రోడ్డు పొడవునా కొత్త ఇళ్లే. ఆ ఇళ్లలో ఎవరున్నారో తెలుసుకోవడానికి కొన్ని నెలలు పెట్టుకో. కోసిగి, కౌతాళం వైపు నుంచి వచ్చి బేల్దారి పని చేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది మిరప కోతలప్పుడు సుగ్గికని, అంటే కూలికి వలసగా, గుంటూరు వైపు వెళ్లిపోతారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. ఆ నెలల్లో హాజరు తగ్గిందని దిగులుపడకుండా, ఆ ముసలివాళ్లు తిన్నారా, పిల్లలు బడికి పోతున్నారా అని చూడు. వెళ్లినవాళ్లకు అక్కడ ఏ సంఘం దగ్గరుందో కనుక్కుని చెప్పు. పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సులకు ఆదివారం పొద్దున డ్యూటీ పడుతుంది. బట్టల షాపుల్లో పనిచేసే పిల్లలకు ఆదివారమే రద్దీ. ఇలాంటివాళ్ల కోసం సాయంత్రం ఆరాధన పెట్టు, తొమ్మిదిన్నరకే మొదలుపెట్టాలన్న పట్టుదల వద్దు. ఆదోని వైపు నుంచి వచ్చిన కొన్ని ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ఏడుగురిని నియమించి దాన్ని సరిచేశారు. నీ కూటంలో తెలుగు సరిగా రాని అవ్వ ఉంటే, ఆమె పక్కన కూర్చుని చెప్పేవాళ్లను పెట్టు.

మొదట ఇళ్లలోనే కూడుకోండి. ఫిలిప్పీలో పని నది ఒడ్డున ప్రార్థనకు కూడిన ఆడవాళ్లతో మొదలై, వాళ్లలో ఒకరైన లూదియ ఇంట్లో పెరిగింది. మన కాలనీల్లోనూ అంతే, ముందు తలుపు తీసేది ఆడవాళ్లే. అందుకే ఈ పనిలో అమ్మాయి మాటకు నీ మాటతో సమానంగా విలువ ఉండాలి. ఆమె అలసిపోయిందంటే ఆ వారం ఇంట్లో కూడిక పెట్టొద్దు. పాస్టరమ్మ వంటింట్లో నలిగిపోయిన సంఘాలు నాకు తెలుసు. బయట అందరూ పాటలు పాడుతుంటే ఆమె ఒక్కతే గిన్నెలు కడుగుతూ ఉండేది, అది ఎవరికీ పట్టేది కాదు.

ఇప్పుడు కులం సంగతి. మన సీమ సంఘాల్లో పైకి ఎవరూ మాట్లాడరు, లోపల అందరూ దాన్నే లెక్కపెడతారు. మాలల సంఘం, మాదిగల సంఘం అని పేరు పడ్డాక మార్చడం దాదాపు అసాధ్యం. పాస్టరు ఎవరి తాలూకో తెలుసుకుని గానీ గడప తొక్కనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త కాలనీలో ఎవరు ఎవరో తెలియని మొదటి రోజులు నీకు దొరికిన మంచి అవకాశం. గృహ ప్రార్థనలు ఒకే వీధిలో, ఒకే బంధువర్గం ఇళ్లలో తిప్పొద్దు. ప్రేమ విందుకు వంట చేసేవాళ్లను మార్చు, వడ్డించేవాళ్లను మార్చు. పెద్దలను ఎంచేటప్పుడు ఒకే ఇంటిపేరు వాళ్లు పోగవుతున్నారేమో చూడు. ఏదో రోజు పై కులం కుటుంబం ఒకటి కారులో వస్తుంది. సంఘమంతా లేచి నిలబడి ముందు కుర్చీ ఖాళీ చేస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడి గురించి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో ఏం రాశాడో అంతకు ముందే నేర్పి ఉంచు, ఆ రోజు నేర్పితే ఎవరికీ వినబడదు.

దీనికి చట్టం వైపు కూడా ఒక ముడి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే. క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఇది అన్యాయమని నా నమ్మకం. అయినా బాప్తిస్మం అడిగిన మనిషికి ఈ సంగతి ముందే విడమర్చి చెప్పాలి, ఇంటికి వెళ్లి ఆలోచించుకొమ్మనాలి. కాలేజీ సీటు పోయాక ‘అయ్యగారు చెప్పలేదు’ అని ఏ పిల్లవాడూ అనకూడదు. సర్టిఫికెట్ కోసం అబద్ధమాడమని ఎవరికీ సలహా ఇవ్వకు, తొందరపెట్టి బాప్తిస్మమూ ఇవ్వకు.

సమాధుల తోట గురించి సంఘం పెట్టే రోజు ఎవరూ అడగరు, మొదటి చావు రోజు అడుగుతారు. పాత సంఘాల తోటలకు కమిటీలున్నాయి, సభ్యత్వ రిజిస్టర్లున్నాయి. నీ దగ్గరికి వచ్చిన కుటుంబం పాత సభ్యత్వం ఎప్పుడో వదిలేసి ఉంటుంది. ఇంట్లో శవం, ఊళ్ల నుంచి దిగిన బంధువులు, ఎండ, పాస్టరేమో ఫోన్ పట్టుకుని ఎవరెవరినో బతిమాలడం. ఆ కుటుంబం పడే అవమానం అంతా ఇంతా కాదు. అందుకని ఒక్క ఆరాధన కూడా జరపకముందే ఆ పాత సంఘాల పెద్దలను కలిసి, బయటివాళ్లకు చోటిస్తారా, ఏ షరతుల మీద ఇస్తారో తెలుసుకో. ఇస్తామంటే కాగితం మీద రాయించుకో. కార్పొరేషన్ ఆఫీసులోనూ అడుగు. స్థలం కోసం కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వాలంటే ఒక్కడివే వెళ్లకు, స్వతంత్ర సంఘాల పాస్టర్లందరినీ కలుపుకుని వెళ్లు. సొంతూరికి తీసుకెళ్తామనే కుటుంబాలకు బండి కిరాయి చాలా భారం. సంఘంలో పోగయ్యే మొదటి డబ్బుతో మైక్ సెట్ కొనకుండా భూస్థాపన నిధి మొదలుపెట్టు. పెట్టె ఖర్చు, బండి ఖర్చు సంఘమే పెట్టుకున్న రోజు చుట్టుపక్కల వాళ్లు నీ సంఘాన్ని చూసే చూపు మారుతుంది. అయినా చూపు కోసం చేయొద్దు, ఆ తల్లి కోసం చెయ్యి.

పెళ్లిళ్ల విషయంలో జాగ్రత్త. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, నీలాంటి స్వతంత్ర పాస్టరుకు ప్రభుత్వ లైసెన్సు ఉంటేనే పెళ్లి జరిపే అధికారం. అధికారం లేకుండా జరిపితే 10 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. అంతకంటే నాకు భయం ఆ ఆడపిల్ల గురించి. రేపు ఆస్తి దగ్గరో, పాస్‌పోర్ట్ దగ్గరో పెళ్లి కాగితం చెల్లకపోతే ఆమె గతేమిటి? నీకు లైసెన్సు వచ్చేదాకా లైసెన్సున్న పాస్టరుగారిని పిలిచి జరిపించు. నువ్వు వాక్యం చెప్పు, చాలు.

డబ్బు లెక్కలు నా పని కాబట్టి కొంచెం గట్టిగా చెప్తాను. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిలో నువ్వు, అమ్మాయి, బావమరిది, తోడల్లుడు అని నింపొద్దు. కుటుంబ ఆస్తిగా మారిన సంఘాల్లో తండ్రి పోయాక కొడుకులు మందిరం తాళాల కోసం కోర్టుకెక్కారు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించు, ఆ ఇద్దరిలో నువ్వు ఉండకు. కానుకల సంచి ఆరాధన అయిన వెంటనే ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో రాసి సంతకం చేయాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయం చూడు, యెరూషలేము పేదల చందా మోసుకెళ్లడానికి పౌలు తనతోపాటు వేరే సహోదరులను ఎందుకు పెట్టుకున్నాడో అక్కడే రాశాడు. పౌలుకే ఆ జాగ్రత్త అవసరమైంది.

విదేశీ డబ్బు జోలికి వెళ్లకు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. అమెరికాలో ఉన్న మనవాడు ఇండియా పాస్‌పోర్ట్‌తోనే ఉండి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది వేరు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే. ‘నీ సొంత ఖాతాకు వేస్తాలే’ అని ప్రేమగా అంటారు, దానికి అస్సలు ఒప్పుకోకు.

స్థలం కొనే రోజు వస్తే హంద్రీ నది ఒడ్డున చౌకగా వస్తోందని పడిపోవద్దు. 2009 అక్టోబర్ వరద ఎక్కడిదాకా వచ్చిందో అక్కడి పాతవాళ్లను అడుగు. వక్ఫ్ భూమి, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా మూడూ చూడకుండా బయానా ఇవ్వకు. ఇంటి ప్లాన్ తీసుకుని మందిరం కట్టొద్దు, మందిరానికి మందిరంగానే అనుమతి తెచ్చుకో. ఇక బాక్స్ స్పీకర్లు. ఇరవైమంది కూర్చునే గదిలో అవి ఎందుకు? రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ చట్టమే ఒప్పుకోదు. పక్కింటి ముస్లిం కుటుంబంలో పరీక్షలకు చదివే పిల్లలుంటారు, ఎదురింట్లో గుండె జబ్బు మనిషి ఉంటాడు. క్రిస్మస్‌కు కేకు ఇచ్చినప్పుడే కాదు, మామూలు రోజుల్లోనూ వాళ్ల గుమ్మం ఎక్కు.

స్వస్థత కోసం ప్రార్థన చెయ్యి, నేనూ నమ్ముతాను. మాత్రలు మానమని మాత్రం ఏ రోజూ అనకు, ఎవరైనా సాక్ష్యంలో అలా చెప్తే అక్కడే ఆపు. షుగర్, బీపీ, టీబీ, ఫిట్స్, వీటిల్లో ఏ మందు ఆపినా ప్రాణం మీదికి వస్తుంది. టీబీ రోగిని తీసుకుని నువ్వే ఆస్పత్రికి వెళ్లి, కోర్సు పూర్తయ్యేదాకా మాత్రలు వేసుకున్నాడా అని అడుగుతూ ఉండు.

చివరిగా నీ జీవనం. కొరింథులో పౌలు ఏడాదిన్నర ఉన్నాడు, ఆ ఊళ్లో డేరాలు కుట్టాడు. నీకు బి.ఇడి ఉంది. స్కూల్లో పని దొరికితే చెయ్యి, కనీసం మొదటి రెండేళ్లు. జీతం ఉన్న పాస్టరు ధనవంతుడైన విశ్వాసికి తప్పు తప్పని చెప్పగలడు. నిన్ను పంపే సంఘం కూడా ఒకటుండాలి. అంతియొకయ సంఘం ఉపవాసముండి, చేతులుంచి ఇద్దరిని పంపింది. మన సంఘ కమిటీలో నీ సంగతి నేను పెడతాను. నీకు తోడుగా వచ్చే రెండో మనిషి ఎవరో నువ్వు ఆలోచించి చెప్పు.

సంఘం నియమావళి (బైలా) రాయడం మొదలుపెట్టాక, ఏడుగురి పేర్లు నింపకముందే నాకు పంపు. ఆస్తి ఎవరి పేరున ఉండాలి, సంఘం మూతపడితే అది ఎవరికి చెందాలి అన్న రెండు క్లాజులు నేను రాసిస్తాను.

ప్రభువునందు,
నీ పెదనాయన