వాన పడితే వాన పాటేనా? – ఒక యువ రచయిత్రికి లేఖ

ప్రియమైన అమ్మాయికి ఆశీస్సులు.

కాలాన్ని బట్టీ, మనసును బట్టీ మనం వినే సంగీతం ఎలా మారుతుందో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయినా ముగించేసరికి, ఈ వ్యాసం నువ్వే రాయనక్కరలేదు, ఎవరైనా రాయవచ్చు అనిపించింది. వసంతానికి కోయిల పాట, వర్షానికి విరహ గీతం, శరత్తుకు వెన్నెల పాట అంటూ ఆరు రుతువులకు ఆరు పేరాలు కేటాయించావు. హైదరాబాదు తార్నాకలో పుట్టి పెరిగిన నువ్వు ఆరు రుతువులను ఎక్కడ చూశావమ్మా? మనకు ఉన్నవి ఎండాకాలం, వానాకాలం, చలికాలం. పంచాంగం వసంతమని చెప్పే చైత్రం వచ్చేసరికే ఈ ఊళ్ళో అటకల మీది కూలర్లు కిందికి దిగుతాయి. కావ్యాల్లోని రుతువులను పక్కన పెట్టి, నువ్వు చెమట పట్టి, తడిసి, వణికిన కాలాలను మాత్రమే ఉంచుకో. వ్యాసం సగం బాగుపడుతుంది.

మిగతా సగం గురించే ఈ ఉత్తరం. కాలం మారగానే వినే పాట మారిపోతుందని నువ్వు అనుకున్నావు. నా అనుభవంలో పాట కన్నా ముందు వినే తీరు మారుతుంది. ఏ వేళప్పుడు వింటాం, ఎంత గట్టిగా పెట్టుకుంటాం, పక్కన ఎవరుంటారు, చుట్టూ ఇంకేం చప్పుళ్ళున్నాయి అనేవి ముందు మారి, వాటి వెనకాల పాట మారుతుంది. కొన్నిసార్లు అసలు మారదు కూడా.

రాసే ముందు నీ ఫోన్‌లో విన్న పాటల జాబితా తెరిచి చూడు. డిసెంబరులో యాప్‌లు తీసి చూపించే ఏడాది మొత్తం లెక్క నీకు అంతగా పనికిరాదు. ఏ రోజున ఏ పూట ఏం విన్నావన్నది కావాలి. అది దొరకకపోతే ఈ రోజు నుంచే ఒక నోటుపుస్తకంలో రాసుకో. జ్ఞాపకాన్ని మాత్రం నమ్ముకోకు, అది మనకు గౌరవంగా ఉండేదే చెబుతుంది. జూలైలో జోరువాన కురుస్తుంటే వాన రాగమైన మల్హార్ విన్నానని జ్ఞాపకం అంటే, ఆ సాయంత్రం పంజాగుట్ట ట్రాఫిక్‌లో కూర్చుని క్రికెట్ కబుర్లు విన్నావని ఫోన్ అంటుంది. నువ్వు రాయవలసింది ఫోన్ చెప్పినదే. ఇంకో మాట కూడా చెబుతాను. విన్న పాటలతో పాటు, మొదలుపెట్టి పది సెకన్లలో దాటేసిన పాటలను కూడా గుర్తు పెట్టుకో. మనసు ఆ పూట దేన్ని ఓర్చుకోలేకపోయిందో తెలిపేవి అవే. నీ వ్యాసంలో దాటేసిన పాట ఒక్కటీ లేదు, అందుకే అందులో మనిషి కనబడలేదు.

మూడో పేరా చివర నువ్వు తొందరలో రాసేసిన ఒక వాక్యం ఉంది. మే నెల మధ్యాహ్నం కూలరు వేసుకుని పడుకుంటే పాటలో గొంతు తప్ప ఇంకేమీ వినపడదని అన్నావు. వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే. దాన్ని అలా వదిలేయడం అన్యాయం. కూలరు ఫ్యాను, నీళ్ళ మోటారు కలిసి చేసే హోరు మెల్లని ధ్వనులన్నిటినీ మింగేస్తుంది. తంబురా, వీణ మంద్ర స్థాయి, తబలా ఎడమ చేతి గుమకలు ముందుగా పోతాయి. గట్టి గొంతు, సన్నాయి, పై స్థాయిలోని వేణువు మిగులుతాయి. మన ఇళ్ళలో వేసవి పగళ్ళు పెద్ద గొంతున్న పాత సినిమా పాటలతో గడవడానికి కవిత్వంతో పనిలేని ఇలాంటి కారణం కూడా ఉంటుంది. అదే మనిషి రాత్రి పది దాటాక డాబా మీద చాప వేసుకుని, హోరు లేని చోట, పగలు వినలేకపోయిన ఆలాపన వింటాడు. పగటికీ రాత్రికీ మధ్య రుతువు మారలేదు, చప్పుడు మారింది. ఈ ఒక్క సంగతినే రెండు పేజీలు రాయగలవు, రాయి.

వాద్యాలకు కూడా కాలం తగులుతుందన్న సంగతి నీ వ్యాసంలో ఎక్కడా రాలేదు. వీణకు ఉండే 24 మెట్లనూ మైనం మీద నిలబెడతారు. రోహిణి కార్తె ఎండలకు ఆ మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, స్వరం చెదురుతుంది. తోలు వాద్యాలకు వానాకాలం శత్రువు. ఆషాఢంలో బోనాల ఊరేగింపు వెళ్ళే దారిలో ఒకసారి డప్పు కళాకారుల పక్కన నిలబడి చూడు. చినుకు పడి గాలి చెమ్మగా మారిన కొద్దిసేపటికే తోలు సడలి, డప్పు మొద్దుగా పలుకుతుంది. వాళ్ళు రోడ్డు వారగా, జల్లు తగలని చోట, పాత పేపర్లో ఎండుగడ్డో పోగేసి మంట పెడతారు. డప్పు ముఖాన్ని ఆ సెగకు అటూ ఇటూ తిప్పుతూ కాచి, మధ్య మధ్య వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. చాలకపోతే మళ్ళీ మంట దగ్గరికి తీసుకుపోతారు. మోత కంగుమన్నాక డప్పు వాయించే చిర్ర, చిటికెన పుల్ల అందుకుని దరువు మొదలుపెడతారు. వానకూ సంగీతానికీ ఉన్న సంబంధం నాకు ఇంత స్పష్టంగా ఏ వర్ష గీతంలోనూ కనబడలేదు.

రాగాల సంగతికి వస్తే, అక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. రాగానికీ వేళకూ, రాగానికీ రుతువుకూ ముడి వేసిన పద్ధతి హిందుస్తానీ సంగీతంలో ఇప్పటికీ బలంగా ఉంది. రోజును మూడేసి గంటల ఎనిమిది ప్రహరాలుగా విభజించి రాగాలను పంచుతారు. మల్హార్ రకాలు వానాకాలంలో ఏ వేళనైనా పాడుకోవచ్చు, బసంత్, బహార్ వసంతానివి. కర్ణాటక సంగీతంలో భూపాలం ఉదయానిదని, నీలాంబరి జోలకు తగినదని అంటారే గానీ, సాయంత్రం ఆరు గంటల కచేరీలో విద్వాంసులు ఆ కట్టుబాట్లను అంతగా పాటించరు. నువ్వు ఈ రెండు సంప్రదాయాలనూ కలిపేసి, భారతీయ సంగీతమంతా రుతువులను బట్టి నడుస్తుందని రాశావు. ఆ వాక్యం కొట్టేయి. మన ఊళ్ళో రెండూ వినబడతాయి కాబట్టి, ఏ ఇంట్లో ఏది వింటారో చెప్పి రాస్తే తేడా తెలుస్తుంది.

హైదరాబాదు శ్రోతకు కాలాన్ని గుర్తు చేసేవి రాగాల కన్నా వర్ధంతులు అని నాకనిపిస్తుంది. 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి చుట్టూ ఆరాధనలు జరుగుతాయి. అందుకే సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా చిక్కడపల్లిలో గానీ, ఇంకో సభలో గానీ ఆయన పంచరత్న కీర్తనలు వినబడితే మనకు చలి వెళ్ళిపోతున్నట్టు లెక్క. నవంబరు చివర సంగతి చూడు. హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ తండ్రి పండిట్ మోతీరాం 1934లో, నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియమితులు కావలసిన రోజునే, ఈ ఊళ్ళో కన్నుమూశారు. అప్పటికి జస్‌రాజ్ నాలుగేళ్ళ పిల్లవాడు. తండ్రి జ్ఞాపకార్థం ఆయన 1972లో ఇక్కడ మొదలుపెట్టిన సంగీత సమారోహం వల్ల, ఎంతోమందికి తొలి చలి రాత్రులు ఖయాల్ గానం వినే రాత్రులయ్యాయి. ఇందులో ఏ శాస్త్ర నియమమూ లేదు, ఒక కొడుకు తండ్రిని తలచుకోవడం ఉంది. ఫిబ్రవరి 11న రేడియోల్లో ఘంటసాల, సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం ఇలాగే వస్తారు. పంచాంగంలో లేని ఈ రుతువులను నువ్వు పట్టుకుంటే ఎవరూ చెప్పనిది చెప్పినదానివవుతావు.

ఈ నగరంలో మనం కోరి వినేది తక్కువ. వీధి వినిపించేదే ఎక్కువ. వీధి మౌనంగా ఉండే నెలలను కూడా లెక్కలోకి తీసుకో. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు. సన్నాయి, బ్యాండు మేళం, పాతబస్తీ వైపు మర్ఫా వాద్యాల మోత కూడా ఆ మేరకు తగ్గుతాయి. సరిగ్గా ఆ ఆషాఢంలోనే గోల్కొండతో మొదలై సికింద్రాబాదు మీదుగా లాల్‌దర్వాజా దాకా బోనాల డప్పు మోగుతుంది. శ్రావణం రాగానే పెళ్ళి సన్నాయి మళ్ళీ వినబడుతుంది.

మొహర్రం ఈ రుతువుల లెక్కకు అసలు లొంగదు. అధిక మాసాలు లేని చాంద్రమానం కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తూ, 33 ఏళ్ళలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. 2009లో మొహర్రం పదో రోజైన ఆషూరా జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి వచ్చింది. 2025లో జూలై వానల్లో వచ్చింది. డబీర్‌పురా వీధుల్లో అవే నౌహాలు, అంటే శోక గీతాలు, ఒక ఏడు చలిలో, ఒక ఏడు ముసురులో వినబడతాయి. షియా కుటుంబాలు రెండు నెలల ఎనిమిది రోజులు సంతాపం పాటిస్తాయి, ఆ రోజుల్లో ఆ ఇళ్ళలో సినిమా పాట మోగదు. దుఃఖానికి ప్రత్యేకించి ఒక రుతువు ఉండనక్కరలేదని చెప్పాలనుకుంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నీకు దొరకదు. అయితే అక్కడికి వెళ్ళి, అడిగి, విని రాయి, దూరం నుంచి ఊహించి రాయకు.

మీ అమ్మ బతుకమ్మ ఆడిన సంగతిని రెండు వాక్యాల్లో ముగించావు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా సాగే ఆ తొమ్మిది రోజుల పాటకు వాద్యం లేదు, చప్పట్లే తాళం. ఒకరు చరణం అందిస్తే మిగతావారు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. వలయంగా నడిచే అడుగే లయను నిర్ణయిస్తుంది కాబట్టి, పెద్దవాళ్ళు కలిస్తే పాట నెమ్మదిస్తుంది, ఆడపిల్లలు ఎక్కువైతే పరుగెత్తుతుంది. అపార్ట్‌మెంట్ ఆవరణలో స్పీకరు పెట్టి రికార్డు వేసినప్పుడు ఏం జరుగుతుందో నువ్వు చూసే ఉంటావు. లయ స్పీకరుదవుతుంది, అడుగులు దాన్ని వెంబడించవలసి వస్తుంది. మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు. ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎనిమిదో రోజుకు గొంతు ఎలా ఉండేది, పండుగ అయ్యాక ఆ పాటలు ఇంట్లో పాడేదా లేదా. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు నీ వ్యాసానికి చాలా అవసరం.

ఇక మనసు సంగతి. విచారంగా ఉన్నప్పుడు విషాద గీతాలు, ఉల్లాసంగా ఉన్నప్పుడు హుషారు పాటలు వింటామని నువ్వు తేల్చేశావు. విచారంలో ఉన్న మనిషికి హుషారు పాట చిరాకు తెప్పించడం నిజమే. కానీ ఒక్కోసారి విచారం ఏమీ లేని మనిషే విషాద గీతాన్ని వెతుక్కుని, దాన్ని ఆస్వాదిస్తూ కూర్చుంటాడు. దేనివల్ల ఏది వచ్చిందో తేలిగ్గా చెప్పకు. 2020 సెప్టెంబరులో బాలు పోయిన వారం గుర్తు చేసుకో. అంతకు ముందు పెళ్ళిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాల్లో అందరూ గంతులేసిన పాటలకే జనం కళ్ళు తుడుచుకున్నారు. సాహిత్యం మారలేదు, రాగం మారలేదు. అప్పుడు నువ్వు ఏ పాట విన్నావో, ఏది వినలేక ఆపేశావో రాస్తే, మనసు గురించి నువ్వు వేసిన సిద్ధాంతాలన్నీ తీసేయవచ్చు.

చివరిగా ఒక ఆచరణాత్మకమైన విషయం. వ్యాసంలో నాలుగు సినిమా పాటల చరణాలను పూర్తిగా ఎత్తి రాశావు. మన దేశంలో రచయిత మరణించాక కూడా 60 ఏళ్ళ పాటు ఆ రచన మీద హక్కు ఉంటుంది. విమర్శ కోసం ఒకటి రెండు పంక్తులు ఉదహరించడం వేరు, చరణాలకు చరణాలు దింపడం వేరు. జాగ్రత్త గల సంపాదకుడెవరైనా అనుమతి పత్రం అడుగుతాడు. పైగా ఆ పంక్తులు అంత బాగున్నప్పుడు వాటి పక్కన నీ వాక్యాలు వెలవెలబోతున్నాయి. వాటిని తీసేసి, ఆ చోట కూలరు గురించిన వాక్యాన్ని పెంచు. దసరా సెలవుల్లో మీ అమ్మతో మాట్లాడాక తిరగరాసి, ఈసారి ఫోన్‌లో కాకుండా కాగితాల మీద పంపు, పెన్నుతో దిద్దితేనే నాకు తృప్తి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి
చిక్కడపల్లి, హైదరాబాదు