మైక్రోవేవ్‌లో పెట్టిన పదార్థం అంచుల్లో పొగలు కక్కుతూ మధ్యలో చల్లగా ఎందుకు ఉంటుంది?

మైక్రోవేవ్ పదార్థాన్ని లోపలి నుంచి ఉడికిస్తుందన్నది అపోహ. 2.45 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల ఆ తరంగాలు ప్రధానంగా పై రెండు మూడు సెంటీమీటర్ల మందంలోనే నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి; అక్కడి నుంచి నడిమి భాగానికి ఆ వేడి మెల్లగా పాకవలసిందే. పైగా గోడలకు తగిలి వెనుదిరిగిన తరంగాలు ఒకచోట బలపడి, మరొకచోట సన్నగిల్లుతాయి కనుకనే లోపలి పళ్లెం తిరుగుతూ ఉంటుంది.

అందువల్ల పదార్థాన్ని కుప్పగా పోయకుండా గిన్నె అంచు వెంట వలయంలా పరచి, పవర్ సగానికి తగ్గించి, నడుమ ఒకసారి కలిపి, ఆగాక రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ చివరి రెండు నిమిషాలనే. మిగిలిన ఆహారాన్ని వేడిచేసేటప్పుడు మధ్యభాగం కూడా 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.

నీళ్లతో మరింత జాగ్రత్త అవసరం. నున్నని గాజు కప్పులో నీరు బుడగలు రాకుండానే 100 డిగ్రీలు దాటి, చెంచా తగలగానే ఒక్కసారిగా ఎగజిమ్మి చేతిని కాల్చవచ్చు. ముందే ఒక చెక్కపుల్ల వేసి ఉంచితే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. పెంకుతో ఉన్న గుడ్లను, బిగించి మూసిన డబ్బాలను, లోహపు అంచున్న పాత్రలను అసలు పెట్టకూడదు.