పోర్షా 911 కరెరా 3.2: ఇంటి గ్యారేజీలో వాల్వ్ క్లియరెన్స్ సెట్ చేసుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు. అమెరికాలో మీ దగ్గరున్న 1987 కరెరా 3.2కి ట్యాపెట్లు (అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ, వాల్వ్ క్లియరెన్స్) ఇంట్లోనే సెట్ చేసుకోవచ్చా? చేస్తున్నప్పుడు 0.10 మి.మీ. ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే పల్చటి రేకు) ఒకసారి దూరి, మరుక్షణం ఎందుకు దూరడం లేదు?

మొదటిదానికి జవాబు, తప్పకుండా చేసుకోవచ్చు. 911కి హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఈ ఖాళీని ఆయిల్ ఒత్తిడితో తమంతటే సరిచేసుకునేవి) 993 అనే తరవాతి తరంతో వచ్చాయి. అంతకుముందు ఇంజిన్లన్నిటిలో 12 వాల్వులకీ రాకర్ చివర ఒక స్క్రూ, దానికో లాక్ నట్ ఉంటాయి. 13 ఎంఎం రింగు పానా, మంచి స్క్రూడ్రైవర్, గేజ్ చాలు. ఇన్‌టేక్‌కైనా ఎగ్జాస్ట్‌కైనా అంకె ఒకటే, 0.10 మి.మీ. కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. సాయంత్రం బండి నడిపి రాత్రి పనిలోకి దిగొద్దు, తెల్లారి మొదలుపెట్టండి. ఈ మోడల్‌కి 24,000 కిలోమీటర్లకోసారి చేయాల్సిన పని ఇది. బుల్లెట్‌కి చేసిన అలవాటు ఉన్నా దాన్ని ఇక్కడ మర్చిపోండి. పాత ఐరన్ ఇంజిన్ బుల్లెట్‌లో పుష్ రాడ్ వేళ్లతో తిరిగితే సరిపోయేది, ఇక్కడ కొలత ఉండి తీరాలి.

దీన్ని ఆయిల్ మార్చే రోజే పెట్టుకోండి. ఇంజిన్ కింది వాల్వ్ కవర్లు విప్పితే ఎలాగూ ఆయిల్ కారుతుంది. బండి వెనక భాగం ఎత్తి, టార్షన్ బార్ ట్యూబు చివర్ల కింద స్టాండ్లు పెట్టండి. జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరడం మాత్రం వద్దే వద్దు. బ్యాటరీ తీగ తీసేసి, ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము గాలితో ఊది, ఆరు ప్లగ్గులూ విప్పండి. అప్పుడు ఫ్యాన్ మధ్యనున్న 24 ఎంఎం నట్టు పట్టుకుని బెల్టు జారకుండా ఇంజిన్‌ని తేలిగ్గా తిప్పొచ్చు. తిప్పేది ఎప్పుడూ గడియారం దిశలోనే.

కింది కవర్లు ఊడగానే గేజ్ జోలికి పోకుండా ముందు కవరు లోపల చూడండి. 911 ఎస్‌సీ (3.2కి ముందు మోడల్), 3.2 ఇంజిన్లలో హెడ్ స్టడ్ల (సిలిండర్ హెడ్లని పట్టి ఉంచే పొడవాటి మరల కడ్డీల) కింది వరుస డిలవార్ అనే మిశ్రమ లోహంతో చేసినది, అవి విరగడం ఈ బండ్లకున్న పేరుమోసిన జబ్బు. విరిగితే స్టడ్ ముక్కో, నట్టో, వాషరో కవర్లో పడి ఉంటుంది. అలాంటిది దొరికితే అక్కడే ఆపేయండి. ఇక చూడాల్సింది క్లియరెన్స్ కాదు, ఇంజిన్ దించే పని.

సిలిండర్ల నంబర్లు ఇలా ఉంటాయి: మీరు వెనక బంపర్ దగ్గర నిలబడితే ఎడమవైపు మీకు దగ్గరగా 1, ముందుకు పోతూ 2, 3. కుడివైపు దగ్గరగా 4, తరవాత 5, 6. ఇన్‌టేక్ వాల్వులు పై కవర్ల కింద, ఎగ్జాస్ట్‌వి కింది కవర్లలో. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్ పుల్లీ మీది జెడ్1 గీతని (1వ సిలిండర్ పిస్టన్ పైకొచ్చే స్థానం) క్రాంక్‌కేసు రెండు సగాలు కలిసేచోటికి తెండి. రోటర్ డిస్ట్రిబ్యూటర్ అంచు మీది గాటు వైపు చూస్తుంటే 1వ సిలిండర్ సిద్ధం. దానికి సరిగ్గా ఎదురుగా చూస్తుంటే మీరున్నది 4 దగ్గర, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఆ తేడా గమనించకుండా స్క్రూ ముట్టుకుంటే ఆ రెండు వాల్వులూ తప్పిపోతాయి. 1వ సిలిండర్‌కి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ చూసుకున్నాక పుల్లీని 120 డిగ్రీలు, అంటే తరవాతి గీత దాకా తిప్పితే 6 వస్తుంది. అక్కణ్ణుంచి 2, 4, 3, 5. ఒక్కోటి అయ్యాక కాగితం మీద టిక్ పెట్టుకోండి, మధ్యలో ఫోన్ వస్తే ఎక్కడున్నారో తెలియదు.

ఇక గేజ్ సంగతి. స్క్రూ చివర అటూ ఇటూ ఒరిగే చిన్న పాదం ఉంటుంది. అది వాల్వ్ కాడ మీద కూర్చుంటుంది. రేకు దూరాల్సింది ఆ రెండిటి మధ్య. అక్కడ ఆయిల్ పొర ఉంటుంది, పాదం కాస్త వంకరగా ఆగినా రేకు అంచు దానికి తగిలి ఆగిపోతుంది. దూరడం లేదంటే ఖాళీ లేదని కాదు. ముందు స్క్రూ బాగా లూజు చేసి, పాదాన్ని వేలితో అటూ ఇటూ ఆడించి, రేకు దూర్చాక స్క్రూ బిగిస్తూ రండి. రేకు ఇరుక్కున్నాక కొద్దిగా వెనక్కి తిప్పితే, లాగినప్పుడు పట్టీ పట్టనట్టు జారుతుంది. అదే సరైన పట్టు. 0.10 రేకు పల్చన, ముడతపడినా విరిగినా ఆశ్చర్యం లేదు. రెండు మూడు రేకులు విడిగా కొని పెట్టుకోండి, ముడతపడిన రేకుతో కొలవొద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది లాక్ నట్ దగ్గర. స్క్రూ మరలు మిల్లీమీటరుకి ఒక చుట్టు, అంటే 36 డిగ్రీలు తిరిగితే 0.10 మి.మీ. నట్టు బిగిస్తున్నప్పుడు స్క్రూ దాంతోపాటు 10 డిగ్రీలు కదిలినా 0.03 మి.మీ., మీ ఖాళీలో దాదాపు మూడో వంతు పోయినట్టే. స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి, బిగించాక రేకు మళ్లీ దూర్చి చూడండి. నట్టు బిగించక ముందు కొలిచిన కొలతని నమ్మకండి.

ఈ పాదంతో మరీ చిరాకైతే రెండో పద్ధతి ఉంది. రాకర్‌ని నెట్టే క్యామ్ గుండ్రటి వీపుకీ, రాకర్‌కీ మధ్య కొలవడం. రాకర్‌ని వాల్వ్ వైపు నొక్కి పట్టుకుంటే ఖాళీ అంతా క్యామ్ దగ్గర చేరుతుంది. అక్కడ అంకె వేరు: 0.0025 అంగుళాల రేకు దూరాలి, 0.003ది దూరకూడదు. దూరిందా లేదా అన్న రెండే జవాబులు కాబట్టి చేతి పట్టు మీద ఆధారపడక్కర్లేదు. నా ఓటు దీనికే, ముఖ్యంగా చెయ్యి సరిగ్గా పట్టని కింది వాల్వులకి.

అనుమానం వస్తే కొంచెం లూజు వైపే ఉంచండి. లూజైతే టకటక చప్పుడొస్తుంది, వాల్వ్ కాస్త తక్కువ తెరుచుకుంటుంది, అంతే. టైటైతే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటుకే వదులుతుంది, ఆ దారి మూసుకుపోతే అంచు కాలిపోతుంది. ఏ చప్పుడూ చేయకుండా జరిగే నష్టమిది. అన్నీ సెట్ చేసినా ఈ ఇంజిన్ పూర్తిగా నిశ్శబ్దం కాదు, మిగిలిన చప్పుడు పోగొట్టాలని ఇంకాస్త బిగించొద్దు.

ఆరూ అయ్యాక ఇంజిన్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పుతూ 12 వాల్వులూ మళ్లీ కొలవండి. రెండు మూడైనా తేడా పడతాయి, వాటిని సరిచేయండి.

కవర్లకి కొత్త ప్యాకింగులు, నట్ల కింద కొత్త వాషర్లు వేయండి. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ 8 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. కారకూడదని గట్టిగా బిగిస్తే కవరు వంగి అప్పుడే కారుతుంది. కింది కవర్ల ఆయిల్ పడేది హీట్ ఎక్స్చేంజర్ల మీద, ఈ బండిలో హీటర్ గాలి వచ్చేది వాటి చుట్టూ తిరిగే కాబట్టి కాలిన ఆయిల్ వాసన నేరుగా క్యాబిన్‌లోకొస్తుంది. ఆయిల్ సుమారు 10 లీటర్లు పడుతుంది, కానీ ఒకేసారి పోసేయకండి. లెవెల్ చూడాల్సింది ఇంజిన్ వేడెక్కి, చదును నేల మీద ఐడిల్‌లో నడుస్తున్నప్పుడే. చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చూసి పోస్తే ఎక్కువైపోతుంది. మొదటిసారి నడిపి వచ్చాక బండి చల్లారనిచ్చి, కవరు నట్లు ఇంకోసారి 8 దగ్గర ఉన్నాయో లేదో చూడండి.