బోటుకు గట్టి కప్పు, దానికి పర్సనల్ లోన్: ఏది లాభం?

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై అన్నానగర్‌లో స్థిరపడ్డాం. నేనూ మా బావమరిదీ చెరిసగం వేసుకుని 26 అడుగుల ఓపెన్ మోటార్ క్రూయిజర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కాన్వాస్ టాపు నాలుగేళ్లకోసారి మార్చాల్సి వస్తోంది, ఒక్కోసారి 95,000. దాని బదులు ఫైబర్ హార్డ్‌టాప్ వేయిస్తే 7.5 లక్షలని కొటేషన్ ఇచ్చారు. బ్యాంకు 13 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. నా దగ్గర 6 లక్షల ఎఫ్‌డీ, రెండేళ్లలో పాప ఇంజినీరింగ్‌కు కావాల్సిన 14 లక్షల ఈక్విటీ ఫండ్లు ఉన్నాయి. నెలకు 60,000 మిగులుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ వద్దండీ. 7.5 లక్షలకు ఈఎంఐ సుమారు 25,270 పడుతుంది, మూడేళ్లలో వడ్డీయే దాదాపు 1.60 లక్షలు. ఆ వడ్డీ డబ్బుతో ఆరేళ్లకు పైగా కాన్వాస్ ఖర్చు గడిచిపోతుంది. ఎఫ్‌డీ మీ ఇంటి అత్యవసర నిధి, దాని జోలికి వెళ్లకండి. ఫండ్ల సంగతంటారా, రెండేళ్లలో ఫీజు కట్టాల్సిన సొమ్ము ఈక్విటీలో ఉండటమే రిస్కు. ఏటా 1.25 లక్షల దీర్ఘకాలిక లాభానికి పన్ను ఉండదు కాబట్టి, దాన్ని వాడుకుంటూ విడతలుగా డిపాజిట్లలోకి మార్చండి. అంతేగానీ కప్పుకు కాదు.

ఇక కొటేషన్. అందులో జీఎస్‌టీ కలిసిందా? లేకపోతే 18 శాతం లెక్కన మరో 1.35 లక్షలు. హార్డ్‌టాప్ వచ్చినా పక్క కర్టెన్లు కావాలి, లేకపోతే ఏటవాలు వాన లోపలికే. రాత్రి వేరే పడవలకు కనిపించడానికి పైన ఉండే తెల్ల లైటు కప్పు మీదకు మారాలి. 12 మీటర్లలోపు బోటులో అది ఎరుపు, ఆకుపచ్చ పక్క లైట్ల కంటే కనీసం 1 మీటరు ఎత్తున ఉండాలన్నది సముద్ర నియమం. వీహెచ్‌ఎఫ్ (బోటు రేడియో) యాంటెన్నా, వైరింగ్ కూడా కదులుతాయి. వీటన్నిటికీ 1.25 లక్షలు పక్కన పెట్టండి. మొత్తం 10.10 లక్షలు.

బరువు మాట అడిగారా? 2.4 బై 2.2 మీటర్ల శాండ్‌విచ్ ఫైబర్ (రెండు ఫైబర్ పొరల మధ్య తేలికైన పదార్థం పెట్టిన) కప్పు, ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు కాళ్లు కలిపితే 90 నుంచి 100 కిలోలు. డెక్‌కు రెండు మీటర్ల ఎత్తున ఐదు నీళ్ల క్యాన్లు కట్టుకుని తిరగడమే. బోటు ఊగడం పెరుగుతుంది, గాలి పట్టూ పెరుగుతుంది. కాబట్టి నేవల్ ఆర్కిటెక్ట్‌తో (బోట్ల డిజైన్ నిపుణుడితో) స్థిరత్వం లెక్క కట్టించాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఆ ఫీజు దండగ కాదు.

పని చెడేది ఎక్కువగా కాళ్లు దిగే చోటే. డెక్‌లో బోల్టు రంధ్రం చేసి, కింద వాషర్ ఒక్కటి పెట్టి బిగించేస్తారు. ఊపుకు చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్ పైనుండే నున్నటి పూత) సాలెగూడులా పగుళ్లిస్తుంది, నీళ్లు దిగి లోపలి ప్లైవుడ్ కుళ్లుతుంది. అలా కాకుండా రంధ్రాన్ని పెద్దది చేసి, చుట్టూ ఉన్న ఆ ప్లైవుడ్ తోడేసి, చిక్కటి ఎపాక్సీ రెసిన్‌తో నింపి, ఆరాక మళ్లీ డ్రిల్ చేయాలి. కింద 10 మిల్లీమీటర్ల ఫైబర్ పలక వేయాలి. ఇదంతా కొటేషన్‌లో రాయించండి, నోటిమాట పనికిరాదు. డబ్బు కూడా పనిని బట్టే: 25 శాతం అడ్వాన్స్, ఫ్రేమ్ బోటు మీద పెట్టి చూశాక 35, ప్రతి కాలు దగ్గర ఇరవై నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టి కారలేదని తేలాక 30, మిగతా 10 మొదటి వానలు చూశాక.

మీరు గమనించారో లేదో, బోటు సగం బావమరిదిదైతే కప్పూ సగం ఆయనదే. మీ వాటా 5.05 లక్షలు. మార్చి నుంచి జనవరి దాకా నెలకు 45,000 చొప్పున ఆర్‌డీ వేస్తే, 11 నెలల్లో 4.95 లక్షలు, పైన వడ్డీ. అప్పు లేకుండా సరిపోతుంది. ఫిబ్రవరిలో పని మొదలుపెట్టించండి. అక్టోబరు–డిసెంబరు వానల్లో తేమకు రెసిన్ సరిగా గట్టిపడదు.

అమ్మేటప్పుడు ఈ ఖర్చు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకండి. బావమరిది ఒప్పుకోకపోతే ఇంకో నాలుగేళ్లు కాన్వాసే మేలు. ఆయన ఒప్పుకుంటే మాత్రం, ఎవరెంత పెట్టారో, అమ్మితే ఎవరికెంతో ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. నిర్మాణ మార్పు గురించి బీమా కంపెనీకీ, బోటు రిజిస్టరైన కార్యాలయానికీ పని మొదలవకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా కప్పు మార్చిన బోటుకు రేపు తుపానులో దెబ్బ తగిలితే, క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అదే సాకవుతుంది.